పెరటిలోని లేడికూన

(తల్లిదండ్రుల వార్షిక సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రధానోపాధ్యాయుడు మాటలాడ నిలిచినచో పరీక్షాఫలితములు, హాజరుపట్టీ, పాఠ్యపుస్తకముల కొఱత, ఈ మూడును వినక తప్పదని మీరు ముందే సిద్ధపడి వచ్చియుందురు. వానిని గూర్చి కార్యదర్శిగారు తమ నివేదికలో చెప్పియే యున్నారు. మేము నేడు మఱియొక విషయమును చెప్పదలచితిమి. మా పల్లెయింటి పెరటిలోనికి వచ్చు లేళ్లను గూర్చియు, వాని కూనలను గూర్చియు చెప్పెదము. కొందఱు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. కాని దీనికొక కారణము కలదు.

గడచిన దసరా సెలవుల పిమ్మట మన యేడవ తరగతి బాలుడొకడు తండ్రిగారితో కలిసి మా గదికి వచ్చెను. తండ్రిగారు సెల్‌ఫోను తీసి యొక ఛాయాచిత్రమును చూపిరి. అందు బాలుడు ఒక లేడికూనను రొమ్మున హత్తుకొని నిలిచియున్నాడు. కూన చెవులు వెనుకకు వాలియున్నవి. కన్నులు మిక్కిలి పెద్దవై యున్నవి. “దాని అమ్మ వదిలేసి పోయింది మాష్టారూ, పొలంలో ఒక్కటే పడుంది, నేనే ఎత్తుకొచ్చాను” అని బాలుడు చెప్పెను. వాని గొంతులో గర్వము, తండ్రిగారి ముఖమునను అదే గర్వము. ఉండుటలో తప్పు లేదు. దయగల బిడ్డను చూచి యే తండ్రి సంతసింపడు? “ఇప్పుడెక్కడ ఉన్నది నాయనా?” అని మేమడిగితిమి. బాలుడు తల వంచుకొనెను. రెండు దినములు బ్రతికినదట.

మేము వానిని మందలింపలేదు. మందలించు నర్హత మాకు లేదు. ఎందుచేత లేదో చెప్పుటకే యీ ప్రసంగము. ఆ బాలుని పేరు చెప్పము, తమరును ఊహింపవలదు.

మా పూర్వుల యిల్లు గంజాంజిల్లాలో, ఋషికుల్యానదీ ప్రాంతమున, ఆస్కా పట్టణమునకు కొన్ని క్రోసుల దూరమున నొక చిన్న పల్లెలో నున్నది. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీని ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు రాజధానిలో నుండిన ఈ జిల్లాలో పెక్కుభాగము ఇటు చేరెను. మా తాతగారు ఇల్లు కదల్పలేదు, సరిహద్దు కదలెను. మీలో ననేకుల కుటుంబముల కథయు నిదియే గనుక దీనిని పెంచి చెప్ప నక్కఱలేదు. ఆ యింట ఇప్పుడు మా తమ్ముడు సేద్యము చేసికొనుచున్నాడు. మేము శనివారము బడి ముగియగానే బస్సెక్కి పోయి, సోమవారము ప్రాతఃకాలమున మరలి వచ్చుచుందుము.

ఇంటివెనుక పెరడు పెద్దది. నుయ్యి, రెండు మునగచెట్లు, గడ్డివామి, ప్రక్కగా మోకాలియెత్తు పెరిగిన పిచ్చిగడ్డి కలవు. చుట్టును మట్టిగోడ. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము కడ తీరము దాటినప్పుడు ఆ గోడ ఉత్తరపు వైపున నాలుగు మూరల మేర పడిపోయెను. నేటికిని అది పడియే యున్నది. ఆ సందు కావలనే పెసరచేలు, చోడిచేలు, వానికావల బయలు. ఆ బయలునుండియే లేళ్లు వచ్చును.

మా ప్రాంతపు లేళ్లనగా కృష్ణజింకలు. ఒడియావారు కృష్ణసార మృగ మందురు. మన పెద్దలు పోతును ఇఱ్ఱి యనియు, పెంటిని లేడి యనియు పిలిచెడివారు. ఇప్పటి పిల్లలకు ఇఱ్ఱి యన్న మాట తెలియదు; మన బడిలో అడిగి చూచితిమి, ఒక్కరును చెప్పలేకపోయిరి. దుప్పి వేఱు, కృష్ణజింక వేఱు. దుప్పికొమ్ములు కొమ్మలుగా చీలి, రాలి, మరల మొలచును. కృష్ణజింకకొమ్ములు చీలవు, రాలవు. మరమేకువలె మెలికలు తిరిగి జీవితాంత ముండును. అవియు సాధారణముగా పోతులకే. పోతు పిన్నవయసున పెంటివలెనే లేతగోధుమవన్నెతో నుండి, మూడేండ్లు వచ్చుసరికి నల్లబడ మొదలిడును. కడుపు, గడ్డము, కన్నుల చుట్టును మాత్రము తెలుపు. ఉపనయనమున వటువునకు కట్టు కృష్ణాజినము ఈ జంతువు చర్మమే. ఇది మైదానపు జంతువు గాని దట్టమైన యడవి జంతువు కాదు. దూరముగా చూచుటయు, పరుగెత్తుటయు దీని ప్రాణరక్షణములు. గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగ మందుకొనగలదు. ఇంత వేగ మెందులకన్న, పూర్వము దీనిని వేటాడిన చీతా అంతకంటె వేగముగా పరుగెత్తెడిది. మన దేశపు చీతా పోయినది. అంతరించినదని 1952లో ప్రకటించిరి. 2022లో ఆఫ్రికానుండి తెచ్చి మధ్యప్రదేశములో కొన్నిటిని విడిచిరి గాని అది వేఱు కథ. పగవాడు పోయినను ఇఱ్ఱికి పరుగు పోలేదు.

చీతా పోయెను, తుపాకులు వచ్చెను, బీళ్లు చేలయ్యెను. దేశమున పెక్కుచోట్ల ఈ జంతువు కానరాకుండ పోయెను. మా ప్రాంతమున నిలిచినదన్న, అది అటవీశాఖవారి ఘనత మాత్రమే కాదు. భేటనై, బాలిపదర మొదలగు గ్రామముల రైతులు తరతరములుగా దీనిని కొట్టరు, కొట్టనీయరు. ఎప్పుడో దీర్ఘమైన అనావృష్టి కలిగినదనియు, అప్పుడీ మృగములు కొన్ని పొలములలో కనబడగా వాన కురిసినదనియు అచ్చటి పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమో కాదో వానకే తెలియవలెను. ఫలితము మాత్రము లెక్కలలో నున్నది. 2011లో ఈ జిల్లాలో రెండువేలకు పైచిలుకుగా నుండిన కృష్ణజింకలు 2020లో 6,875గా లెక్కకు వచ్చినవి.

ఇక మా తప్పు.

1978వ సంవత్సరము ఎండకాలపు మొదటి దినములు. మాకు పదేండ్లు. పెసరచేనిగట్టున, గడ్డిదుబ్బు మొదట, ఒక కూన మెడ చాచి నేలకు అంటుకొని పడుకొని యుండెను. దగ్గఱకు పోయితిమి, కదలలేదు. చేయి వేసితిమి, అప్పటికిని కదలలేదు. గుండె మాత్రము చేతిక్రింద తటతట కొట్టుకొనుచుండెను. చుట్టును చూచితిమి. తల్లి లేదు, మంద లేదు. ఎవరును లేని బిడ్డ యని నిశ్చయించుకొని, ఎత్తుకొని, ఇంటికి పరుగెత్తితిమి. దారిలో అది ఒక్కమారు మేకపిల్లవలె అరచెను. మా మెడకు మొగము చేర్చి యరచినది గనుక మమ్ము తల్లి యనుకొనుచున్నదని మురిసితిమి.

ఇంట వైభవముగా జరిగినది. మా తమ్ముడు చంటిబిడ్డగా నున్నప్పటి ఉగ్గుగిన్నెను మా అమ్మ పైకి తీసి కడిగెను. ఆవుపాలు గోరువెచ్చగా చేసి పోసితిమి. కొంత మ్రింగినది, కొంత ముక్కునుండి కార్చినది. వీధిలోని పిల్లలందఱును వచ్చి నిమిరిపోయిరి. రాత్రి దానిని గోనెసంచిమీద పండుకొనబెట్టి, ప్రక్కనే చాప పఱచుకొని మేమును పండుకొంటిమి. మఱునాడు దానికి కడుపు పాఱుట మొదలాయెను. మూడవనాటి తెల్లవారుజామున లేచి చూడగా కాళ్లు బిగిసియుండెను.

మా తోటపని చేయు ఒడియా ముసలాయన ఒకడుండెను. మేమాయనను మవుసా యని పిలిచెడివారము. కూనను మునగచెట్టు మొదట పాతిపెట్టినది ఆయనయే. గొయ్యి పూడ్చిన పిమ్మట ఆయన మమ్ము చేయి పట్టుకొని గోడవఱకు తీసికొనిపోయి, ఆవలి మెత్తని మట్టిని చూపెను. అచ్చట గిట్టల గుర్తులు, ఒకదానిపై నొకటిగా, త్రొక్కి త్రొక్కి యుండెను. రెండు సాయంకాలములు ఒక పెంటి వచ్చి గోడకావల నిలిచి పోయినదని ఆయన చెప్పెను. “మఱి ముందే ఎందుకు చెప్పలేదు మవుసా?” అని యేడ్చితిమి. ఆయన బదులు చెప్పలేదు. యజమాని యింటి బిడ్డ ముచ్చటకు అడ్డుచెప్పుట ఆ దినములలో పనివారి కలవాటు కాదు. అది మాకు చాల యేండ్లకు గాని తెలియలేదు.

మా నాయనమ్మ మమ్ము ఊరడించుటకు జడభరతుని కథ చెప్పెను. భరతమహారాజు లేడికూనను పెంచి, దానియందే మనసు పెట్టి, మఱుజన్మమున లేడియై పుట్టిన కథ మీ రెఱిగినదే. తెలుగు భాగవతమున గంగన రచించిన పంచమస్కంధములో నున్నది. ఆమె ఊరడింపు మాకు భయమే కలిగించెను గాని, పెద్దవారమైన పిమ్మట ఆ కథ మరల చదివినప్పుడొక సంగతి కనబడెను. భరతుని కూన నిజముగా దిక్కులేనిది. నిండుచూలాలగు లేడి సింహగర్జనకు బెదరి యేఱు దాటబోగా, కూన నీళ్లలో పడెను, తల్లి మరణించెను. ఆ మరణమును భరతుడు కన్నులార చూచెను. మేము చూచినది తల్లి లేకపోవుటను మాత్రమే. చూడకపోవుట వేఱు, లేకపోవుట వేఱు. పదేండ్ల మాకు ఆ భేదము తెలియలేదు.

తెలిసినవారు చెప్పినది, మేము చూచినది కలిపి చెప్పెదము. ఈ లేడి ఇంచుమించు ఆఱునెలలు చూలు మోసి సాధారణముగా ఒక్క కూననే యీనును. ఈనగానే దానిని శుభ్రముగా నాకి, మావిని తానే తినివేయును. వాసన పట్టి శత్రువు రాకుండుటకే యిది. కూన కొద్దిసేపటిలోనే నిలువగలదు గాని మందతో పరుగెత్తలేదు. అందుచేత మొదటి దినములలో దానికి పడుకొని యుండుటయే రక్ష. మట్టిరంగు మేను, కదలని మెడ, అత్యల్పమైన వాసన, ఇవియే దాని కవచము. తల్లి ప్రక్కన నిలిచినచో శత్రువునకు దారి చూపినట్లగును. కనుక దూరముగా మేయుచు, ఒక కన్ను ఇటు వేసి, దినమునకు కొన్ని మాఱులు మాత్రమే వచ్చి పాలిచ్చి పోవును. మనిషి దగ్గఱ నున్నచో రాదు. మన మెంతసేపు జాలిపడి నిలిచియుందుమో అంతసేపును కూనకు పాలు లేవు. చేయి వేసినప్పుడు కదలకుండుట మచ్చిక కాదు, మితిమీరిన భయము. ఆ భయముచేతనే కొన్ని చచ్చును. ఆవుపాలు వాని కడుపున కిమడక మఱికొన్ని చచ్చును. మా కూన దేనిచేత చచ్చెనో, రెంటిచేతనో!

ఇన్ని యేండ్ల తరువాత, గడచిన సంవత్సరపు ఫాల్గుణమాసములో, ఆదివారమునాడు, మా పెద్దమ్మాయి కుమార్తె మునివ్రేళ్లమీద నడచి మాయొద్దకు వచ్చెను. ఎనిమిదేండ్ల పిల్ల, మన బడిలోనే మూడవ తరగతి. “తాతయ్యా, గడ్డివామి పక్కన లేడిపిల్ల ఒక్కటే పడుంది. చచ్చిపోయిందేమో, రా” అని గుసగుసగా చెప్పెను. వంటయింటి వెనుకకిటికీ తలుపు కొంచెము తీసి చూచితిమి. మొదట గడ్డి తప్ప మఱేమియు కనబడలేదు. పిల్ల వ్రేలు పెట్టి చూపినను కనబడలేదు. ఈగ వాలినప్పుడు చెవి కదలినది. అప్పు డా చెవినుండి తల, తలనుండి మెడ, మెడనుండి వీపు, ఒక్కొక్కటిగా తెలియవచ్చెను. 1978నాటి దుబ్బుమొదట పడుకొని యుండిన కూనయే మరల వచ్చి పడుకొన్నట్లుండెను.

“పాలు తెస్తాను” అని పిల్ల కదలెను. వలదంటిమి. “ఎత్తుకుని లోపల పెడదాం, కుక్కలొస్తాయి” అనెను. అదియు వలదంటిమి. “వాళ్లమ్మ రాకపోతే?” అని యడిగెను. వచ్చునని చెప్పితిమి. “నీకెలా తెలుసు?” అనెను. దానికి మేమొక కథ చెప్పవలసియుండెను గాని ఆనాడు చెప్పలేకపోతిమి. సాయంకాలమువఱకు చూతమని మాత్ర మంటిమి. పిల్ల మధ్యాహ్నము అన్నము ముట్టలేదు. మా యింటావిడ మాది రాతిగుండె యనెను. ఆమె మాట త్రోసివేయలేక, వినలేక, కిటికీయొద్దనే కుర్చీ వేసికొని కూర్చుంటిమి.

చూచుటయనునది సులభమైన పనివలె వినబడును. అంత కష్టమైన పని బడిలోను మేము చేసి యెఱుగము. పది గంటలయ్యెను, పదునొకండయ్యెను. ఎండ కూనమీదకు వచ్చెను. లేచిపోయి గొడుగు పెట్టవలెనని తోచినది. అంతలో అది నాలుగు కాళ్లమీద లేచి, వడిగా నాలుగడుగులు నడచి, వామి నీడలో మరల పడుకొనెను. చచ్చినదనుకొన్న ప్రాణికి నీడ యెక్కడనో తెలిసియుండెను. పిల్ల చప్పట్లు కొట్టబోగా మేము చేతులు పట్టుకొంటిమి.

మూడు గంటల వేళ కుక్క వచ్చెను. వీధికుక్కయే, గోడసందున దూరి నూతిచప్టాయొద్ద నీళ్లు నాకి, అటునిటు మూతి పెట్టి వాసన చూచుచు వామివైపు నడచెను. ఇప్పుడును చూచుచు కూర్చుండుటయేనా? పిల్ల మా ముఖమును చూచెను. మేము లేచి వాకిటి గడియ తీయునంతలో కుక్క కూనకు పదిమూరల దూరమున నడచిపోయి, మునగచెట్టునొద్ద కాలెత్తి, వచ్చిన దారినే పోయెను. కూన చెవియైనను కదపలేదు. ఆ తరువాత మా తమ్ముడు సందుకావల వీధిచివఱ మంచము వాల్చుకొని, చేత కఱ్ఱ పుచ్చుకొని పడుకొనెను. ఈ తమ్ముని గూర్చి మఱల చెప్పవలసియున్నది.

దీపాలు పెట్టువేళ సందులో పెంటి కనబడెను. మేమది వచ్చుట చూడలేదు. అంతకుముందు లేదు, ఇప్పు డున్నది. చాలసేపు నిలిచి, వెనుకకు పోయెను. పిల్లకు కన్నీళ్లు తిరిగినవి. మరల వచ్చెను. ఒక కాలెత్తి, దించక, ఇల్లంతయు చూచెను. మా కిటికీని చూచినప్పుడు మేము ఊపిరి బిగబట్టితిమి. పిమ్మట పెరటిలోనికి నాలుగడుగులు వేసెను. మాకు శబ్ద మేమియు వినబడలేదు గాని కూన గడ్డిలోనుండి తారాజువ్వవలె లేచెను. తిన్నగా పోయి తల్లిపొదుగును తలతో కుమ్మి కుమ్మి కుడువ మొదలిడెను. తోక యెంత వేగముగా నాడినదో! తల్లి దానిని వెనుకనుండి నాకుచు, చెవులు మాత్రము మావైపు నిలిపి యుంచెను. రెండు మూడు నిమిషములకంటె నెక్కువ కాలేదు. కుడిచిన పిమ్మట కూన తానే విడిపోయి, ఉదయమున నున్న చోటు గాక నూతివెనుక పిచ్చిగడ్డిలో వేఱొక చోటు చూచుకొని పడుకొనెను. తల్లి వెనుదిరిగి సందు దాటెను.

“తాతయ్యా, వాళ్లమ్మ వచ్చింది” అని పిల్ల చెప్పెను. ఆ సంగతి మాకు తెలియనట్లు. మేము మునగచెట్టు మొదటివైపు చూచుచుంటిమి. ఆ రాత్రి పిల్లకు 1978నాటి కథ చెప్పితిమి. విని, చాలసేపు మాటలాడక, “అప్పుడు నీకు ఎవరూ చెప్పలేదు కదా” అనెను. పెద్దలమైన మనము ఒకరి కొకరము అంత సులభముగా క్షమాపణ మీయము.

మఱునాడు సెలవుచీటి వ్రాసితిమి. కారణము స్వకార్యమని వ్రాసితిమి. ఇన్ని యేండ్ల ఉద్యోగములో లేడికొఱకు సెలవు పెట్టుట అదియే మొదలు. సంఘాధ్యక్షులవారు ఇప్పుడే వినుచున్నారు, మన్నింతురు గాక. పిల్ల యొక నోటుపుస్తకములో తల్లి వచ్చిన వేళలు వ్రాసెను. మొదట డీరు అని వ్రాసి, కొట్టివేసి, లేడి అని వ్రాసెను. తెల్లవారకముందు ఒకమాఱు, దీపాలవేళ నొకమాఱు; మధ్యాహ్న మొకనాడు మాత్రము వచ్చినది. నాలుగు దినములు పుస్తకము నిండినది. మేము పట్టణమునకు వచ్చిన తరువాత మా మఱదలు ఫోనులో చెప్పుచుండగా ఇచ్చట వ్రాసికొనెను. అయిదవనాడు కూన తల్లివెంట నడచి సందు దాటినదట.

కనుక మీ బిడ్డలు సెలవులకు పల్లెకు పోయినప్పుడు కూన కనబడినచో నేమి చేయవలెనని మీరడుగుదురు. ఊరక పడుకొని యున్నదానిని ముట్టకుండ, దానిమీద ఛాయాచిత్రములకై వంగి నిలువకుండ, వెంటనే దూరముగా పోవలెను. కుక్కలున్నచో కుక్కలను తఱుమవలెను గాని కూనను ఎత్తరాదు. గాయపడియున్నను, నూతిలో గాని తీగెలో గాని చిక్కియున్నను, తల్లి చచ్చిపడియుండుట కన్నులార చూచినను, అటవీశాఖవారికి కబురు చేయవలెను. వారు వచ్చువఱకు గుంపు చేరనీయరాదు. 1972నాటి వన్యప్రాణి రక్షణచట్టమున కృష్ణజింక మొదటి షెడ్యూలులో చేర్చబడినది. దానిని పట్టుట, ఇంట పెంచుట నేరము. పట్టినవాడు దయచేతనే పట్టినను చట్టము గుండెలోనికి చూడదు. మన బాలుని విషయమున ఆ తండ్రిగారితో ఈ సంగతి విడిగా చెప్పితిమి. బాలునితో చట్టము మాట యెత్తలేదు. మా మునగచెట్టు సంగతి చెప్పితిమి.

ఇక మా తమ్ముని మాట. పెరటిలో లేడి వచ్చుట చూచి ఆనందించునది మేము. పెసలు పోగొట్టుకొనునది వాడు. ఆ సంవత్సరము గోడవైపు చేనిలో మూడవపాలు లేళ్లు మేసినవి. జీతము తెచ్చుకొనువానికి ముచ్చటగా నుండునది, విత్తనము వేసినవానికి నష్టముగా నుండును. ఈ మాట వాడన్నప్పుడు మేము కాదనలేకపోతిమి. ఇంతకాలము ఈ మృగములను కాపాడిన రైతు లందఱును ఈ నష్టమును భరించినవారే. వారి పేరులు ఏ లెక్కలోను లేవు. గోడ కట్టించి, చేనిచుట్టును ముండ్లతీగె వేయుదునని తమ్ముడు పట్టుపట్టెను. తీగెలో కాలు చిక్కినచో లేడి యేమగునో మేము చెప్పితిమి. “నష్టానికి నువ్వు సగం ఇస్తావా అన్నయ్యా?” అని వాడడిగెను. న్యాయమైన ప్రశ్న. ఇత్తుమని యొప్పుకొంటిమి. తీగె మానుకొనెను. గోడ మాత్రము మానుకొనలేదు; దొంగల భయ మున్నది, కుక్కల భయ మున్నది, అదియు న్యాయమే.

తాపీవాడు వచ్చి సందు కొలిచి బయానా పుచ్చుకొని పోయెను. ఇటుకలు దిగినవి. దీపావళి తరువాత కట్టవలసినది వాయిదా పడెను. కార్తికమునుండి సంక్రాంతికి పోయెను. మొన్న శనివారము పోయినప్పుడు సందు అట్లే యుండెను. “ఏమిరా, గోడ?” అంటిమి. తమ్ముడు పశువులకు గడ్డి వేయుచు, మావైపు తిరుగకయే, “కూనల రోజులు పోనీ, తరవాత చూద్దాం” అనెను. ఇటుకలు పేర్చినచోట మట్టి తడిగా నుండెను. మనుమరాలు వంగి చూచి, తన నోటుపుస్తకము తెమ్మని మమ్ము లోపలికి పంపెను.

పొద్దుపోయినది. పిల్లలు నాటికకు వేషములు వేసికొని వేచియున్నారు.